జవాబు కోసం ఆగే ఫోను
(శ్రీ వైసన్ కపలాముల గారి పదవీ విరమణ సందర్భంగా)

1989 అక్టోబరు రెండవ తేదీ, సోమవారం ఉదయం, న్చీసి కొండల దిగువన ఉన్న మన వ్యవసాయ సలహా కార్యాలయంలో క్షేత్ర సహాయకులుగా శ్రీ వైసన్ కపలాముల గారు బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు ప్రభుత్వం వారు ఒక సైకిలును, ఒక టోపీని, కొండకు ఇరుపక్కలా ఉన్న గ్రామాలన్నింటినీ వారికి అప్పగించారు. సైకిలుకు గొలుసు మాత్రం మరుసటి సంవత్సరం వచ్చింది. అంతవరకు వారు ఆ వాహనాన్ని చేత్తో నడిపించుకుంటూనే గ్రామాలు తిరిగారని, ఎందుకయ్యా ఈ బరువు అని ఎవరైనా అడిగితే, సైకిలు లేకుండా వెళితే అధికారినని ఎవరూ నమ్మరు కదా అనేవారని పెద్దలు చెబుతారు. మొన్న సెప్టెంబరు నెలాఖరున, ముప్పయ్యయిదేళ్ళ సేవ అనంతరం, వారు సగౌరవంగా పదవీ విరమణ చేశారు.

వారి గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు వ్రాయవలసిందిగా ఉద్యోగుల సంఘం వారు నన్ను ఆదేశించారు. ఈ కార్యాలయపు జీతాల పట్టికలో నా పేరు ఎక్కడా లేదు. గిడ్డంగి చూసుకునే న్‌ఖోమా గారి ఇల్లాలిని. రాజధాని నుంచి వచ్చే వ్యవసాయ సూచనలు రైతుకు అర్థమయ్యే మాటల్లో ఉండవు గనుక, కాలేజీలో చదువుకున్నదాన్ని గనుక, పొయ్యి మీది కూర దింపి వచ్చి వాటిని మనిషి మాటల్లోకి మార్చిపెట్టడం పదేళ్ళుగా నా పని అయింది. అందువల్ల నన్ను కూడా సహోద్యోగిని అని సంబోధించడం ఇక్కడ ఆనవాయితీ. ఆ సంబోధనకు ప్రభుత్వానికి ఖర్చేమీ లేదు. అభినందన వ్యాసం ఉల్లాసంగా ఉండాలని కూడా సంఘం వారు సూచించారు. ప్రయత్నిస్తాను గాని, హామీ ఇవ్వలేను.

ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకు కపలాముల గారు చిమ్వాలా గ్రామానికి చెందిన ఎలూబి గారిని వివాహమాడి, అందరు అల్లుళ్ళలాగే సంచీ సర్దుకుని భార్య ఊరికి వచ్చేశారు. ఆమె పుట్టింటి నేలలో ఇల్లు కట్టుకున్నారు, ఆమె పొలంలోనే ప్రదర్శన క్షేత్రాన్ని నెలకొల్పారు. ఆ నేల వారిది కాదు, ఏ అల్లుడిదీ కాదు. తల్లి నుంచి కూతురికి వెళ్ళే నేల అది. మగవాడు అందులో చెమట కలపవచ్చు గాని పేరు కలపలేడు. ఈ సంగతి వారికి పెళ్ళినాడే తెలుసు. తెలిసి కూడా, ఎర్రగా, రాయిలా బిగుసుకుపోయిన ఆ చెలకను ఏటేటా మొక్కజొన్న చొప్ప కప్పి, కంది వేసి, వేరుశనగ వేసి, పిడికిట పట్టి పిసికితే తడిగా చేతికి అంటుకునే నల్లమట్టిగా మార్చారు. పదోన్నతి ఉత్తర్వులు వచ్చిన ప్రతిసారీ వాటితో పాటు బదిలీ కూడా వచ్చేది. వారు రెండింటినీ వినయంగా తిప్పి పంపేవారు. మట్టిని బదిలీ చేసే ఉత్తర్వు ఉంటే పంపండి, దానితో పాటు నేనూ వెళతాను అని ఒకసారి పైవారికి సమాధానం ఇచ్చారట. ఫలితంగా, చేరిన హోదాకు ఒక్క మెట్టు పైన మాత్రమే విరమించారు.

2013లో మన ప్రాంతానికి ఫోను పాఠాలు వచ్చాయి. ఒక నంబరుకు ఫోను చేస్తే, రైతుకు ఏమీ ఖర్చు కాకుండా, ఆ వారం పొలంలో చేయవలసిన పనిని ఒక గొంతు చెబుతుంది. మొక్కజొన్నకు ఒక అంకె నొక్కాలి, వేరుశనగకు మరొకటి. ఆరంభోత్సవం చిమ్వాలాలో, ఎలూబి గారి ఇంటి వాకిట్లోనే జరిగింది. ఊరంతా నేలమీద కూర్చుని ఉండగా కపలాముల గారు ఫోను పైకెత్తి చూపి, నేను రేపు ఉన్నా లేకపోయినా చెప్పిన మాట ఇందులో ఉంటుంది, ఇక మనిషి కోసం ఎదురుచూడనక్కరలేదు అని ఉపన్యసించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వాక్యాన్ని పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి; గుర్తుంచుకున్నవారు ఆనాటి సభలో కూడా ఉన్నారు.

ఆ మహోపకరణాన్ని మొదటి నెల ఎవరూ వినలేదు. ఫోను చేసేవారు, వెంటనే పెట్టేసేవారు. లోపం యంత్రంలో ఉందని రాజధాని వారు, రైతులో ఉందని మన అధికారులు తలచారు. కపలాముల గారు మాత్రం సైకిలెక్కి, నాసిబెకో అవ్వ ఇంటికి వెళ్ళి, గడప పక్కన కూర్చుని, ఆమె ఇచ్చిన మొక్కజొన్న పానీయం థోబ్వా తాగి, తీరిగ్గా అడిగారు. అవ్వ మొహమాటపడలేదు.

"మనిషన్నాక ముందు బాగా లేచారా అని అడగడా నాయనా? గుమ్మంలోకొచ్చి నిలబడి ఎరువు, ఎరువు అని అరుస్తున్నాడు. ఎవరి పిల్లాడో గాని పెంపకం సరిగ్గా లేదు. పెట్టేశా."

ఉదయం ఎవరైనా బాగా లేచారా అని అడగకుండా మాట మొదలుపెట్టడం, బాగానే లేచాం, మీ సంగతే తెలియదు అని ఎదుటివారు అనకుండా ఆ మాట సాగడం మన దగ్గర ఎక్కడైనా ఉందా? కపలాముల గారు ఆ సాయంత్రమే పలకరింపును ధ్వనిముద్రణ చేశారు. అయితే వారి గొంతులో అది హాజరు పిలిచినట్టు వచ్చింది. మొక్కజొన్న సంకటి న్సిమా గిన్నె పట్టుకుని కార్యాలయానికి వచ్చిన ఎలూబి గారు విని, ఇంటికొచ్చినవాళ్ళను పోలీసులా అడుగుతున్నారేమిటి, ఇలా ఇవ్వండి అని ఫోను లాక్కుని తానే పలికారు. "బాగా లేచారా?" అని అడిగి, అవతలివారు జవాబు చెప్పుకునేంత సేపు ఆగి, అప్పుడు "ఆ, అయితే వినండి" అన్నారు.

మర్నాటి నుంచి జనం వినడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు రాజధానిలోని ఒక యువ ఇంజనీరు, మధ్యలో ఉన్న ఆ నిశ్శబ్దం ధ్వనిముద్రణలో లోపమని భావించి, శ్రద్ధగా కత్తిరించి సరిచేశారు. వారం తిరక్కుండానే నాసిబెకో అవ్వ కర్ర పట్టుకుని స్వయంగా కార్యాలయానికి విచ్చేసి, ఎలూబికి మా మీద కోపం ఎందుకొచ్చింది, అడుగుతోంది గాని జవాబు చెప్పనివ్వట్లేదు, మేం చేసిన తప్పేమిటి అని నిలదీశారు. నిశ్శబ్దాన్ని తిరిగి చేర్చవలసిందిగా కోరుతూ ఒక ప్రభుత్వ కార్యాలయం పైవారికి విన్నపం పంపడం బహుశా అదే ప్రథమం. అది మంజూరు కావడానికి ఒక పంటకాలం పట్టింది.

తరవాత దృశ్య పాఠాలు వచ్చాయి. ఫోనులో చిత్రీకరించడం కపలాముల గారు స్వయంగా నేర్చుకున్నారు గనుక తొలి చిత్రాలలో కోళ్ళే ప్రధాన పాత్రలు. క్రమంగా చేయి నిలకడకు వచ్చింది. వారు తీస్తూ ఉంటే ఎలూబి గారు చేసి చూపేవారు: ఆకు సుడిలో దాగిన కత్తెర పురుగును వేలితో లాగి నలపడం, బూడిద కలిపిన మట్టిని సుడిలో వేయడం, వానకు ముందే గుంటలు తవ్వి పశువుల ఎరువు నింపడం. తెరమీద ఆమె ముఖం అరుదుగా కనిపిస్తుంది. కనిపించేవి చేతులు, నడుముకు చుట్టుకున్న చిటెంజె గుడ్డ అంచు, వినిపించేది ఆ గొంతు. గుంటల పాఠంలో, ఇంకా లోతు, ఇంకా లోతు అని కెమెరా వెనకనుంచి భర్త చెబుతూ ఉంటే, ఆమె పార ఆపి, నడుము మీద చేయి వేసి, "ఇంత లోతు ఎవరికండీ? గింజకా, నాకా?" అన్నారు. ఆ మాటకు కొండ ఇరుపక్కలా నవ్వారు. ఫోన్లు ఛార్జింగు పెట్టే కొట్ల దగ్గర ఒకరి ఫోను నుంచి ఒకరికి ఆ పాఠం ఎక్కుతూ, మనకు పేరైనా తెలియని జిల్లాలకు చేరింది. గుంట ఎంత లోతుండాలో మరచినవారు కూడా ఆ మాట మరవలేదు.

రైతుల వాట్సాప్ బృందానికి కూడా వారే పెద్దదిక్కు. అందులో కీర్తనలు, పెళ్ళి పిలుపులు, పోయిన మేకల వివరాలు పోను మిగిలిన చోట తెగులు పట్టిన ఆకుల ఫొటోలు వచ్చేవి. ప్రతి ఫొటోకూ వారు జవాబు ఇచ్చారు. ఒక రైతు పొరపాటున తన పాదం ఫొటో పంపితే, దానికి కూడా, మడమ పగుళ్ళకు ఆముదం రాయండి అని వ్రాశారు.

గత సంవత్సరం అక్టోబరులో, నేల వానకు ఎదురుచూస్తున్న రోజుల్లో, ఎలూబి గారు కడుపులోని జబ్బుతో కన్నుమూశారు. చివరి రెండు నెలలు కపలాముల గారు ఆమెను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తిప్పారు. తిరిగి వచ్చేటప్పుడు పొలం గట్టున దిగి, ఈసారి గుంటలు ఎవరు తవ్వుతారో అని ఆమె అనేవారట. ఖననం నాడు ఊరివాళ్ళెవరూ పార ముట్టలేదు, సమాధి తవ్వినవారు తప్ప. వాళ్ళు తవ్వుతూ ఉండగా, ఆ గోతి లోతు చూసి, అక్కడున్న మాలో చాలామందికి ఒకే మాట గుర్తొచ్చింది. ఎవరూ పైకి అనలేదు.

అంత్యక్రియలయ్యాక ఆమె తమ్ముడు జైలోసీ గారు కార్యాలయానికి వచ్చారు. అక్క సంతానానికి, ఆ కుటుంబపు ఆడవాళ్ళందరికీ ఆయనే పెద్ద. తలలు గొరిగించి మైల తీర్చేవరకు అక్క గొంతు ఎక్కడా వినిపించకూడదు, ఆమె చేతులు ఎక్కడా కనిపించకూడదు అని మర్యాదగానే చెప్పి వెళ్ళారు. కపలాముల గారే స్వయంగా పలకరింపును ఆపించారు, గుంటల పాఠాన్ని నిలిపివేయించారు. ఫోను మళ్ళీ మొదటి రోజుల్లోలాగా గుమ్మంలోకొచ్చి ఎరువు, ఎరువు అని అరవసాగింది. జనం మళ్ళీ పెట్టేయసాగారు.

దానితో పలకరింపు నన్ను చెప్పమన్నారు. చెప్పాను. స్పష్టంగానే చెప్పానని నా నమ్మకం. ఒక పెద్దాయన నా గొంతు విని, బ్యాంకు వాళ్ళనుకుని ఇంట్లో లేనని చెప్పి పెట్టేశారు. కొందరు మర్యాదకు జవాబు చెప్పి, ఆ తరవాత వినవలసిన పాఠం వినకుండా, ఇంతకీ ఎలూబి ఏది అని యంత్రాన్ని అడిగారు. ఆ సంవత్సరం కత్తెర పురుగు మామూలు కంటే ముందుగా వచ్చింది. పాఠం ఫోనులో ఉంది, విన్నవారు లేరు. కపలాముల గారు భార్య పోయిన దుఃఖంలో, అరవై ఏటికి దగ్గరపడిన మోకాళ్ళతో, మళ్ళీ సైకిలెక్కి గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, ముందు బాగా లేచారా అని అడిగి, తరవాత పురుగు సంగతి చెప్పారు. కొండకు ఈ పక్కనే తిరగగలిగారు. ఆ పక్క పొలాలు ఆకుల ఈనెలు మాత్రమే మిగిలి నిలబడ్డాయి.

పంట ఇంటికొచ్చాక మైల తీర్చారు. ఆ తరవాత తేలవలసిన ప్రశ్న ఒక్కటే: కపలాముల గారు ఎక్కడ ఉండాలి? భార్య పోయిన అల్లుడు తన తల్లి ఊరికి తిరిగి వెళ్ళాలి, ఆచారం అది. కుటుంబం ఒప్పుకుంటే ఉండనిచ్చిన సందర్భాలు కూడా లేకపోలేదు. వారు కోరినది ఇల్లు కాదు, పొలం మీద హక్కు అంతకన్నా కాదు. ఆ గట్టున ఒక పాక, బతికున్నన్నాళ్ళు ఆ మట్టిని చూసుకునే అనుమతి. అది అడగడానికి మన అధికారి గారు, నా భర్త, నేను ఒక కోడిని పట్టుకుని కపలాముల గారి వెంట చిమ్వాలా వెళ్ళాం. ఆరంభోత్సవం జరిగిన ఆ వాకిట్లోనే కుటుంబం కూర్చుంది. కపలాముల గారి కూతురు చిసోమో తల్లి చిటెంజె కప్పుకుని ఒక మూల తలవంచుకుని ఉంది.

మన అధికారి గారు సుదీర్ఘంగా మాట్లాడారు. ఈ క్షేత్రం ఒక పాఠశాల వంటిదని, ఇన్ని జిల్లాలు దీన్ని చూసి నేర్చుకుంటున్నాయని, దానికి గురువు అవసరమని విన్నవించారు. జైలోసీ గారు చివరిదాకా విని, కోడిని స్వీకరించి, తెచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి, మా వైపు కాక తన బావగారి వైపు తిరిగారు.

"బావా, ఇక్కడే నిలబడి చెప్పారు మీరు. నేనున్నా లేకపోయినా మాట ఫోనులో ఉంటుంది, ఇక మనిషి కోసం ఎదురుచూడక్కర్లేదు అని. మేం నమ్మాం. గుంటలు ఫోనులో ఉన్నాయి. ఎరువు అందులో ఉంది, పురుగు అందులో ఉంది. మా అక్క కూడా అందులోనే ఉంది. ఆమెను మళ్ళీ పెట్టించండి, ఆమె లేక ఎవరూ వినట్లేదు. మీరు మాత్రం మీ అమ్మ ఊరికి వెళ్ళాలి. ఇందులో కోపం లేదు."

నిజంగానే కోపం లేదు. ఉంటే, తగ్గుతుందేమోనని ఆశ పడడానికి వీలుండేది. ఆయనకు సాకవలసిన మేనకోడళ్ళు ఉన్నారు, వాళ్ళ భర్తలు ఉన్నారు, ఉన్నది ఒక్క పొలం. పక్క ఊళ్ళో భార్య పోయాక ఉండనిచ్చిన ఒక అల్లుడు ఇంకొకామెను తెచ్చుకుని, ఆ నేల కోసం ఇప్పటికీ తగవాడుతున్నాడు. నిరక్షరాస్యులకు పట్టుదల ఎక్కువ అని తిరుగుదారిలో అధికారి గారు అన్నారు గాని, జైలోసీ గారు మన బృందంలో అందరికంటే ముందు చేరిన సభ్యుడు. పాఠాలన్నీ వరుస తప్పకుండా విన్నవారు. అందుకే ఆ జవాబు చెప్పగలిగారు.

 కపలాముల గారు ఒకే ఒకటి అడిగారు.

"ఈసారి గుంటల మీద చొప్ప కప్పేదాకా ఉండనిస్తారా, జైలోసీ?"

"చిసోమో కప్పుతుంది బావా. చూసి నేర్చుకుంది."

వారు తల ఊపారు. తన వృత్తిలో సఫలుడైన మనిషికి దక్కిన ప్రశంసాపత్రం అది. దాన్ని అందుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు వారి ముఖంలో చూశాను, వర్ణించను.

ఎలూబి గారి పలకరింపును మళ్ళీ పెట్టించి, గుంటల పాఠాన్ని తిరిగి విడుదల చేసేటప్పుడు, ఆమె అన్న ఆ హాస్యపు మాట ఇప్పుడు అపశకునంగా ఉంటుందని, కత్తిరించడం మేలని కార్యాలయంలో కొందరు అభిప్రాయపడ్డారు. కపలాముల గారు ఒప్పుకోలేదు. ముప్పయ్యేళ్ళు ఆమె మాటకు అడ్డురాలేదు, ఇప్పుడు వస్తానా అన్నారు. మాట అలాగే ఉంది.

వారు పదవీ విరమణ చేసిన వారంలోనే సంచీ సర్దుకుని కసుంగు మైదానంలోని తల్లి ఊరికి తరలిపోయారు. అక్కడ మేనల్లుళ్ళు ఇచ్చిన చెలక ఏళ్ళ తరబడి పొగాకు పీల్చేసిన ఇసుక. ఇలాంటి నేల కోలుకోవడానికి ఒక మనిషి పనికాలమంతా పడుతుందని సభల్లో వారే చెప్పేవారు. కార్యాలయం తరఫున వారికి ఒక అందమైన గోడ గడియారాన్ని బహూకరించాం. దాన్ని తగిలించడానికి ముందు వారు గోడ కట్టుకోవాలి.

గతవారం ఈ వ్యాసం కోసం తేదీలు సరిచూసుకోవడానికి ఫోను చేస్తే, అక్కడి ముచ్చట ఒకటి వారే చెప్పారు. కొత్త చెలకలో గుంటలు తవ్వుతూ ఉండగా పక్క పొలం ఇల్లాలు ఒకామె వచ్చి కాసేపు నిలబడి చూసిందట.

"తాతా, అలా కాదు. లోతు చాలదు. ఉండండి, నా దగ్గర ఒకావిడ ఉంది, చూపిస్తాను" అని ఫోను తీసి మట్టి కుప్ప మీద ఆనించి పెట్టిందట. చేతులు వచ్చాయి. చిటెంజె అంచు వచ్చింది. గింజకా, నాకా అన్న మాట రాగానే ఆమె పకపకా నవ్వి, ఈవిడ భలే మాటకారి కదూ అన్నదట.

"అవునమ్మా అన్నాను" అన్నారు కపలాముల గారు. "మీకూ పంపనా తాతా అంది. పంపమని నా నంబరు చెప్పాను."

మీరెవరో చెప్పలేదా అని అడిగాను. ఆమె అంత శ్రద్ధగా నేర్పుతూ ఉంటే మధ్యలో ఆపడం ఎందుకు అన్నారు. గుంట నిజంగానే తక్కువ లోతుగా ఉందని, నడుము వంగడం లేదని కూడా ఒప్పుకున్నారు.

మరొక సంగతి వారు చెప్పలేదు. అది తెలియవలసిన అవసరం మనకూ లేదు గాని, ఏ ఊరి నుంచి ఎవరు ఫోను చేశారో చూసి లెక్క పంపే పని కూడా నాదే. కసుంగు వైపు నుంచి తెల్లవారుజామునే ఒక ఫోను వస్తుంది. మొక్కజొన్నకు నొక్కదు, వేరుశనగకు నొక్కదు. పలకరింపు అయ్యేదాకా ఉండి, పెట్టేస్తుంది.

అడిగే ఆ గొంతుకు ఇక అలసట లేదు. జవాబు చెప్పవలసిన వారికి మాత్రం మోకాళ్ళున్నాయి, నడుముంది, పైన వానాకాలం ఉంది. కనుక శ్రీ వైసన్ కపలాముల గారు సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం జీవించాలని, ఆ ఇసుక వారి చేతికింద కొంతైనా నల్లబడాలని, గడియారానికి గోడ త్వరగా దొరకాలని, ప్రతి ఉదయం వారు నిజంగానే బాగా లేచి, ఫోను అవతల ఆమె ఆగినంత సేపట్లో, మనమందరం చెప్పే జవాబునే, "నేను బాగానే లేచాను ఎలూబీ, నీ సంగతే తెలియదు" అని ఇంకా ఎన్నో ఏళ్ళు చెబుతూ ఉండాలని, సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను.